భావి కొలైడర్ల ట్రాకింగ్ డిటెక్టర్లు

కొలైడర్‌లో కణాలు ఢీకొన్న చోటు నుంచి చిమ్మే విద్యుదావేశ కణాలు ఏ దారిన వెళ్లాయో నమోదు చేసే పరికరాన్ని ట్రాకింగ్ డిటెక్టర్, క్లుప్తంగా ట్రాకర్ అంటారు. కిరణాలు ప్రయాణించే గొట్టానికి అతి దగ్గరగా ఉండేది ఇదే. దీని చుట్టూ కణాల శక్తిని కొలిచే కేలరీమీటర్లు, ఆ వెలుపల మ్యువాన్ డిటెక్టర్లు ఉంటాయి. కేలరీమీటర్ పని కణాన్ని ఆపి, దాని శక్తినంతా పీల్చి లెక్కకట్టడం. ట్రాకర్ అలా చేయకూడదు. కణాన్ని ఆపకుండా, దారి మళ్లించకుండా, అది వెళ్లిన గుర్తు మాత్రం పట్టుకోవాలి. కానీ గుర్తు మిగలాలంటే కణం ఏదో ఒక పదార్థంలోంచి పోవాలి, పోతే ఎంతో కొంత చెదరక తప్పదు. భావి కొలైడర్ల కోసం గత మూడు దశాబ్దాలుగా జరుగుతున్న ట్రాకర్ల పరిశోధనలో సింహభాగం ఈ చెదురును తగ్గించడానికే ఖర్చయింది.

ఏ యంత్రాల కోసం

సెర్న్‌లోని 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీలో హిగ్స్ బోసాన్ దొరికిందని 2012 జూలై 4న ప్రకటన వెలువడింది. ఎల్‌హెచ్‌సీ ఢీకొట్టేది ప్రోటాన్లను. ప్రోటాన్ లోపల క్వార్కులు, గ్లూవాన్లు ఉంటాయి కాబట్టి ఏ రెండు ముక్కలు ఎంత శక్తితో తగిలాయో ముందుగా తెలియదు. ఎలక్ట్రాన్‌కు, దాని ప్రతికణమైన పాజిట్రాన్‌కు లోపలి నిర్మాణమేదీ ఇంతవరకు కనబడలేదు. వాటిని ఢీకొడితే మొదటి శక్తి ఎంతో కచ్చితంగా తెలుస్తుంది, చెత్త తక్కువగా పుడుతుంది. హిగ్స్‌ను తీరిగ్గా, నిశితంగా కొలవడానికి ఇలాంటి యంత్రమే కావాలని భౌతికవేత్తలు చాలాకాలంగా అడుగుతున్నారు. ‘హిగ్స్ ఫ్యాక్టరీ’ అన్నది దానికి వాడుకలో స్థిరపడిన పేరు.

ప్రతిపాదనలు రెండు రకాలు. జపాన్‌లోని కితకామి కొండ ప్రాంతం కోసం అనుకున్న ఐఎల్‌సీ, సెర్న్ రూపొందించిన క్లిక్ తిన్నని సొరంగాల్లో నడిచే యంత్రాలు. ఐఎల్‌సీ సాంకేతిక నివేదిక 2013లో వెలువడింది. సెర్న్ దగ్గర సుమారు 91 కిలోమీటర్ల చుట్టుకొలతతో తలపెట్టిన ఎఫ్‌సీసీ, చైనా తలపెట్టిన 100 కిలోమీటర్ల సీఈపీసీ వలయాకార యంత్రాలు. ఎఫ్‌సీసీ సాధ్యాసాధ్యాల నివేదిక 2025లో వచ్చింది.

ఈ రెండు రకాల మధ్య తేడా సొరంగం ఆకారంతో ఆగదు, ట్రాకర్ దాకా వస్తుంది. ఐఎల్‌సీలో కిరణాలు సెకనుకు 5 సార్లు మాత్రమే వస్తాయి. ఒక్కో విడతలో 1,312 కణాల గుత్తులు, గుత్తికీ గుత్తికీ మధ్య 554 నానోసెకన్లు. విడత మొత్తం మిల్లీసెకనులోపే అయిపోతుంది. తర్వాత 199 మిల్లీసెకన్ల పాటు డిటెక్టర్‌కు పనే లేదు. ఆ విరామంలో ఎలక్ట్రానిక్స్‌ను దాదాపు ఆపేసి, పోగైన డేటాను నింపాదిగా బయటికి పంపుకోవచ్చు. విద్యుత్తు తగ్గితే వేడి తగ్గుతుంది, నీటి గొట్టాల అవసరం తప్పుతుంది. వలయాకార యంత్రంలో ఈ సౌకర్యం లేదు, గుత్తులు ఎడతెగకుండా వస్తూనే ఉంటాయి. జెడ్ బోసాన్ శక్తి దగ్గర నడిచేటప్పుడు ఎఫ్‌సీసీలో గుత్తుల మధ్య ఎడం కొన్ని పదుల నానోసెకన్లకు మించదు. ఆ దశలో 5, 6 లక్షల కోట్ల జెడ్‌లు పుడతాయని అంచనా. సెర్న్‌లోని పాత ఎలక్ట్రాన్–పాజిట్రాన్ యంత్రం లెప్‌లో నాలుగు ప్రయోగాలూ కలిపి నమోదు చేసిన జెడ్‌లు సుమారు 1.7 కోట్లు.

ఎంత నిశితంగా కొలవాలి

అయస్కాంత క్షేత్రంలో విద్యుదావేశ కణం వంగి ప్రయాణిస్తుంది. ద్రవ్యవేగం ఎక్కువైన కొద్దీ ఆ వంపు తగ్గుతుంది. వంపును కొలిస్తే ద్రవ్యవేగం తెలుస్తుంది, సూత్రం ఇంతే. చిక్కంతా ఆ వంపు ఎంత స్వల్పమో లెక్క కట్టినప్పుడు బయటపడుతుంది. 2 టెస్లాల క్షేత్రంలో 50 జీఈవీ ద్రవ్యవేగం ఉన్న మ్యువాన్ 2 మీటర్ల దూరం పోయిందనుకుందాం. సరళరేఖ నుంచి దాని దారి గరిష్ఠంగా తొలగేది 6 మిల్లీమీటర్లు. ద్రవ్యవేగం వెయ్యిలో ఒక వంతు తేడాతో తెలియాలంటే ఆ 6 మిల్లీమీటర్లను 6 మైక్రాన్ల తేడాతో కొలవాలి. 2 మీటర్ల పరికరంలో ఇది జరగాలి.

వెయ్యిలో ఒక వంతు అన్నది ఊరికే పెట్టుకున్న గురి కాదు. హిగ్స్‌ను చూడకుండానే దాని ద్రవ్యరాశి తేల్చే పద్ధతి ఒకటుంది. సుమారు 240–250 జీఈవీ దగ్గర హిగ్స్ ఒక జెడ్‌తో జంటగా పుడుతుంది. ఆ జెడ్ రెండు మ్యువాన్లుగా విడిపోయిన ఘటనలను ఏరి, మ్యువాన్ల ద్రవ్యవేగాలను కొలిచి, మొదట తెలిసిన మొత్తం శక్తిలోంచి తీసివేస్తే మిగిలేది హిగ్స్ లెక్క. హిగ్స్ దేనిగా విడిపోయినా, అసలు డిటెక్టర్‌కు కనబడని కణాలుగా మారినా ఈ పద్ధతి పనిచేస్తుంది. ప్రోటాన్ కొలైడర్‌లో ఇది కుదరదు. హిగ్స్ ఫ్యాక్టరీ కట్టమనడానికి ఉన్న బలమైన కారణాల్లో ఇదొకటి, దాని భారమంతా మ్యువాన్ల జాడ మీదే ఉంది.

రెండో గురి ఢీకొన్న బిందువు దగ్గర. హిగ్స్ వందలో 58 సార్లు బాటమ్ క్వార్కుల జంటగా, సుమారు 3 సార్లు చార్మ్ క్వార్కుల జంటగా విడిపోతుంది. బాటమ్ క్వార్కు ఉన్న కణం సుమారు 1.5 పికోసెకన్లు బతుకుతుంది. కాంతివేగానికి దగ్గరగా పోతుంది కాబట్టి విడిపోయేలోపు కొన్ని మిల్లీమీటర్లు వెళ్తుంది. చార్మ్ కణాలు చాలావరకు ఇంకా తొందరగా విడిపోతాయి. జాడలను వెనక్కి పొడిగించి, అవి అసలు బిందువులో మొదలయ్యాయా, పక్కన మరో బిందువులోనా అన్నది కొన్ని మైక్రాన్ల తేడాతో తేల్చగలిగితే బాటమ్‌నూ చార్మ్‌నూ వేరుచేయవచ్చు. బాటమ్ కోలాహలంలో చార్మ్‌ను పట్టుకోవడం ఎల్‌హెచ్‌సీకి చాలా కష్టమైన పని.

బరువు లెక్క

ఇక్కడే పదార్థం అడ్డుపడుతుంది. కణం ఏ పొరలోంచి పోయినా అందులోని పరమాణు కేంద్రకాల వల్ల లెక్కలేనన్ని చిన్న చిన్న మలుపులు తిరుగుతుంది. పదార్థం ఎంత ఉందో వికిరణ దైర్ఘ్యం అనే కొలమానంతో చెబుతారు. సిలికాన్‌కు అది 9.4 సెంటీమీటర్లు, రాగికి 1.4, బెరీలియమ్‌కు 35. ఇది ఎక్కువైన కొద్దీ చెదురు తగ్గుతుంది. కిరణ గొట్టాన్ని ఖరీదు ఎక్కువైనా, విషపూరితమైనా బెరీలియమ్‌తోనే చేయడానికి కారణం ఈ అంకెలే. ఐఎల్‌సీకి పెట్టుకున్న లక్ష్యం ప్రకారం ఒక్కో పొర వికిరణ దైర్ఘ్యంలో 0.15 శాతం మించకూడదు. ఇంత పల్చని పొర కేంద్రం నుంచి 16 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా, 1 జీఈవీ కణం అంచనా 6, 7 మైక్రాన్ల మేర తప్పిపోతుంది. సెన్సర్ స్థానాన్ని 3 మైక్రాన్ల వరకు చెప్పగలిగినా, తక్కువ ద్రవ్యవేగపు కణాల విషయంలో పైచేయి చెదురుదే. అంటే సెన్సర్‌కు ఇంకా పదును పెట్టడం కంటే పొరను పల్చన చేయడమే ఎక్కువ లాభం.

ప్రోటాన్ కొలైడర్‌లో ప్రాధాన్యాలు వేరు. ఎల్‌హెచ్‌సీ ట్రాకర్లు తీవ్రమైన రేడియేషన్‌ను, ప్రతి 25 నానోసెకన్లకు వచ్చే ఘటనలను తట్టుకోవాలి. అందుకు శీతలీకరణ, దళసరి తీగలు, గట్టి ఆధారాలు తప్పవు. సీఎమ్ఎస్ ప్రయోగంలో సుమారు 200 చదరపు మీటర్ల సిలికాన్ ఉంది. కొన్ని దిశల్లో ఆ ట్రాకర్ పదార్థం ఒక వికిరణ దైర్ఘ్యాన్ని మించిపోతుంది. అందులో ఎక్కువ భాగం సిలికాన్ కాదు, దానికి చాకిరీ చేసే సరంజామా. హిగ్స్ ఫ్యాక్టరీలో రేడియేషన్ బాగా తక్కువ కాబట్టి ఆ సరంజామాను వదిలించుకునే అవకాశం ఉంది.

సిలికాన్

సిలికాన్ పలకలోంచి విద్యుదావేశ కణం పోతే ఎలక్ట్రాన్–హోల్ జంటలు ఏర్పడతాయి, వాటిని సంకేతంగా చదవవచ్చు. చిప్‌ల తయారీలో వాడే ప్లానార్ పద్ధతిని 1980లో యోసెఫ్ కెమర్ డిటెక్టర్లకు అన్వయించాడు. సెర్న్‌లోని ఎన్ఏ11 ప్రయోగం అలాంటి స్ట్రిప్ సెన్సర్లతో చార్మ్ కణాల ఆయుష్షు కొలిచింది. తర్వాత లెప్‌లో, అమెరికాలోని టెవాట్రాన్‌లో ఈ సెన్సర్లు ఢీకొనే బిందువు చుట్టూ చేరాయి. 1995లో టాప్ క్వార్కును నిర్ధారించడంలో టెవాట్రాన్ మీది సీడీఎఫ్ ప్రయోగపు సిలికాన్ డిటెక్టర్ పాత్ర పెద్దది.

భావి యంత్రాల సెన్సర్లకు నిజమైన పూర్వీకుడు మాత్రం కాలిఫోర్నియాలోని ఎస్ఎల్‌డీ ప్రయోగం. ప్రపంచంలో ఇంతవరకు నడిచిన ఒకే ఒక్క తిన్నని (లీనియర్) కొలైడర్‌ మీద అది పనిచేసింది. 1996 నాటికి అందులో సీసీడీలతో చేసిన 30.7 కోట్ల పిక్సెళ్ల డిటెక్టర్ ఉంది. పల్చదనంలోనూ నిశితత్వంలోనూ దాన్ని దాటడానికి చాలా ఏళ్లు పట్టింది. సీసీడీకి ఉన్న లోపం నెమ్మది. ఆవేశాన్ని పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు జరుపుకుంటూ అంచు దాకా తేవాలి, తర్వాతి తరం యంత్రాలు అంతసేపు ఆగవు.

దానికి రెండు ప్రత్యామ్నాయాలు నిలబడ్డాయి. మొదటిది జర్మన్ బృందాలు పెంచిన డెప్‌ఫెట్. ఇందులో ప్రతి పిక్సెల్‌లోనూ ఒక ట్రాన్సిస్టర్ ఉండి సంకేతాన్ని అక్కడే పెంచుతుంది. లీనియర్ కొలైడర్ కోసం మొదలైన ఈ సెన్సర్ ఆ యంత్రం రాకముందే జపాన్‌లోని బెల్ 2 ప్రయోగంలోకి వెళ్లింది. అక్కడ కిరణాలకు 14 మిల్లీమీటర్ల దూరంలో 75 మైక్రాన్ల మందంతో దాన్ని అమర్చారు.

రెండోది మోనోలిథిక్ పిక్సెల్ సెన్సర్, వాడుకలో మ్యాప్స్. సెల్‌ఫోన్ కెమెరాల్లో ఉండే సీమాస్ సాంకేతికతే దీని మూలం. సెన్సర్, దాన్ని చదివే ఎలక్ట్రానిక్స్ ఒకే సిలికాన్ ముక్క మీద ఉంటాయి. రెండు చిప్‌లను వేలాది లోహపు చుక్కలతో అతికించే ఖర్చూ బరువూ తప్పుతాయి. 1990ల చివర నుంచి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ బృందం మిమోసా పేరుతో వరుసగా ఇలాంటి చిప్‌లు చేస్తూ వచ్చింది. వాళ్ల చూపూ లీనియర్ కొలైడర్ మీదే. కానీ కొలైడర్‌లో మొదట వాడుకున్నది అమెరికాలోని స్టార్ ప్రయోగం, 2014లో. తర్వాత సెర్న్‌లో ఎలీస్ ప్రయోగం ఆల్పైడ్ అనే చిప్‌తో 10 చదరపు మీటర్ల ట్రాకర్ కట్టి 2021లో అమర్చింది. అందులో 1,250 కోట్ల పిక్సెళ్లున్నాయి.

ఎలీస్ బృందం అక్కడితో ఆగలేదు. తమ లోపలి పొరలో పదార్థం ఎక్కడెక్కడ ఉందో లెక్క తీస్తే సిలికాన్ వాటా ఏడింట ఒక వంతే అని తేలింది. మిగిలిందంతా వంగే సర్క్యూట్ పట్టీలు, నీటి గొట్టాలు, కార్బన్ ఆధారాలు. ఒక్కొక్కటే తీసేస్తే ఏమవుతుందన్నది వాళ్ల తర్వాతి ప్రశ్న. చిప్‌ను వేఫర్ పొడవునా ఒకే ముక్కగా చేస్తే విద్యుత్తూ డేటా రెండూ చిప్ లోపలి తీగల్లోనే పోతాయి, పట్టీ అక్కర్లేదు. విద్యుత్తు వాడకం తగ్గిస్తే గాలి ఊదితే చాలు, నీరు అక్కర్లేదు. ఇక ఆధారం సంగతి. 50 మైక్రాన్లకు అరగదీసిన సిలికాన్ పెళుసుగా విరిగిపోదు, దళసరి కాగితంలా వంగుతుంది. గొట్టంగా చుడితే దాని ఆకారమే దానికి బలం, అంచుల్లో తేలికైన కార్బన్ నురగ పెడితే నిలుస్తుంది. వంచిన ఆల్పైడ్ చిప్‌లు కిరణ పరీక్షల్లో చదునైన వాటిలాగే పనిచేశాయి. ఐటీఎస్3 అనే ఈ కొత్త డిటెక్టర్‌లో మొదటి పొర 19 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఉంటుంది, పొరకు పదార్థం 0.1 శాతం లోపు. నా దృష్టిలో గత ఇరవై ఏళ్ల ట్రాకర్ల చరిత్రలో ఇంతకంటే సొగసైన ఆలోచన లేదు.

అయినా హిగ్స్ ఫ్యాక్టరీకి దాన్ని ఉన్నపళంగా ఎత్తి పెట్టలేం. స్థానం ఇంకా సూక్ష్మంగా చెప్పాలంటే పిక్సెల్ చిన్నది కావాలి, పిక్సెళ్ల సంఖ్య పెరిగితే విద్యుత్తు పెరుగుతుంది. ఏ గుత్తికి చెందిన కణమో చెప్పాలంటే సర్క్యూట్ చురుగ్గా ఉండాలి, దానికీ విద్యుత్తే కావాలి. గాలి మోసుకుపోగల వేడికి హద్దుంది. గాలి జోరు పెంచితే పల్చని పొర కంపిస్తుంది. ఈ మూడింటి మధ్య రాజీ ఎక్కడ కుదురుతుందన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

వాయువుతో

ఢీకొనే బిందువు నుంచి దూరం పెరిగే కొద్దీ సిలికాన్ ఖర్చూ బరువూ పెరుగుతాయి. అక్కడ వాయువు మేలన్నవాళ్లు ఒక పక్షం, లోపలి నుంచి బయటి దాకా సిలికానే పెట్టాలన్నవాళ్లు మరో పక్షం. ఐఎల్‌సీకి ప్రతిపాదించిన రెండు డిటెక్టర్లలో ఐఎల్‌డీ మొదటి పక్షం, ఎస్ఐడీ రెండో పక్షం.

వాయు ట్రాకర్ల ఆధునిక చరిత్ర 1968లో జార్జ్ షార్పాక్ బహుతీగల గదితో మొదలవుతుంది. దానికి ఆయనకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. 1974లో బర్క్‌లీలో డేవిడ్ నైగ్రెన్ టైమ్ ప్రొజెక్షన్ చాంబర్‌ను, అంటే టీపీసీని ఊహించాడు. పెద్ద పీపాలాంటి పాత్రలో వాయువు నింపి, పొడవునా విద్యుత్ క్షేత్రం పెడతారు. కణం వెళ్లిన దారిలో వాయువు నుంచి ఊడిన ఎలక్ట్రాన్లు నింపాదిగా చివరి పలక వైపు కొట్టుకుపోతాయి. అవి తగిలిన చోటు రెండు కొలతలు చెబుతుంది, చేరడానికి పట్టిన సమయం మూడోది చెబుతుంది. ఐఎల్‌డీ నమూనాలో ఒక్క జాడకే రెండు వందలకు పైగా బిందువులు దొరుకుతాయి, దారి కళ్ల ముందు గీసినట్టు ఉంటుంది. లెప్‌లో అలెఫ్, డెల్ఫీ, అమెరికాలో స్టార్, ఇప్పుడు ఎలీస్ అన్నీ టీపీసీలు వాడినవే.

ఐఎల్‌డీ టీపీసీ అడిగేది అన్ని బిందువుల దగ్గరా 100 మైక్రాన్ల నిశితత్వం, అదీ 2 మీటర్లకు పైగా ఎలక్ట్రాన్లు కొట్టుకొచ్చిన తర్వాత. పాత తీగల పలకలు ఇందుకు చాలవు. 1996లో గియోమతారిస్, షార్పాక్ తదితరులు చేసిన మైక్రోమెగాస్, 1997లో ఫాబియో సౌలీ చేసిన జెమ్ ఈ కొరత తీర్చాయి. జెమ్ అంటే 50 మైక్రాన్ల ప్లాస్టిక్ రేకు, రెండు వైపులా రాగి పూత, అంతటా 70 మైక్రాన్ల రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో తీవ్రమైన విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను గుణిస్తుంది. జర్మనీలోని డేసీ ప్రయోగశాలలో, జపాన్ నుంచి తెచ్చిన 1 టెస్లా అయస్కాంతంలో ఒక నమూనా టీపీసీని పెట్టి, ఈ రెండు రకాలనూ, ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే గ్రిడ్‌పిక్స్ అనే మూడో రకాన్నీ ఏళ్ల తరబడి పోల్చి చూశారు. అసలు డిటెక్టర్‌లో ఉండే 3.5 టెస్లాలకు లెక్కవేస్తే 100 మైక్రాన్ల లక్ష్యం అందుతుందని తేలింది.

టీపీసీకి తలనొప్పి అయాన్లు. ఎలక్ట్రాన్లు 30 మైక్రోసెకన్లలో పలక చేరితే, గుణకారంలో పుట్టిన ధన అయాన్లు వేలాది రెట్లు నిదానంగా వెనక్కి తేలుతూ, క్షేత్రాన్ని వంకర చేస్తాయి. ఐఎల్‌సీలో విడతల మధ్య విరామం ఉంది కాబట్టి పెద్ద రంధ్రాల జెమ్ రేకును తలుపుగా పెట్టి, విడత అయిపోగానే మూసి అయాన్లను ఆపేయవచ్చు. వలయాకార యంత్రంలో ఆ విరామం లేదు, తలుపు మూసే వేళే రాదు. చైనా బృందాలు పిక్సెల్ పలకలతో అయాన్లను తగ్గించే దారి వెతుకుతున్నాయి.

ఎఫ్‌సీసీకి ప్రతిపాదించిన ఐడియా డిటెక్టర్ మాత్రం మళ్లీ తీగల దగ్గరికే వెళ్లింది. 4 మీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల నుంచి 2 మీటర్ల వ్యాసార్ధం వరకు, 112 పొరల్లో 56,448 గడులు, సుమారు 3.4 లక్షల తీగలు. లోపల 90 పాళ్లు హీలియం, 10 పాళ్లు ఐసోబ్యూటేన్. ఇటలీలోని ఫ్రాస్కాటీలో క్లోయె ప్రయోగం ఇదే మిశ్రమంతో ఇలాంటి గదినే నడిపింది, ఇది దాని వారసత్వం. హీలియం తేలిక, చెదురు తక్కువ. పైగా కణం వాయువులో ఎన్ని చోట్ల ఎలక్ట్రాన్లను ఊడగొట్టిందో ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగితే అది పయానో కేయానో చెప్పవచ్చు. లక్షల తీగల లాగుడును ఓర్చుకునే చివరి పలకలను దళసరి చేయకుండా కట్టడం ఈ నమూనాలో మోటుగా కనబడే అసలు కష్టం.

సమయం

క్లిక్‌లో గుత్తుల మధ్య ఎడం అర నానోసెకనే, అందుకే దాని ట్రాకర్లకు కొన్ని నానోసెకన్ల నిశితత్వం కావాలి. మ్యువాన్లనే ఢీకొట్టే మ్యువాన్ కొలైడర్ సంగతి ఇంకా కఠినం. మ్యువాన్లు సగటున 2.2 మైక్రోసెకన్లలో విడిపోతాయి. వేగంగా తిరిగేటప్పుడు ఆయుష్షు పెరిగినా, దారి పొడవునా విడిపోతూ డిటెక్టర్‌ను చెత్తతో నింపుతాయి. అసలు ఢీ నుంచి వచ్చిన కణాలను వాటి నుంచి వేరు చేయాలంటే ప్రతి బిందువుకూ 30 పికోసెకన్ల ప్రాంతంలో సమయం తెలియాలి. అంతటి చురుకు ఎల్‌గాడ్ అనే సిలికాన్ సెన్సర్లకు ఉంది. వాటిని ముందుగా ఎల్‌హెచ్‌సీ ఆధునికీకరణలో అట్లాస్, సీఎమ్ఎస్‌లలో వాడబోతున్నారు.

పరీక్షలు

కొత్త సెన్సర్ 3 మైక్రాన్లు కొలుస్తుందని ఎలా నమ్మాలి? దాని ముందూ వెనకా అంతకు తీసిపోని సెన్సర్లను పెట్టి, ఒకే కణాన్ని అన్నింటిలోంచి పంపి, మిగతావి చెప్పిన స్థానంతో సరిపోల్చాలి. ఈ అమరికను టెలిస్కోప్ అంటారు. ఐరోపా సంఘం నిధులతో 2006లో మొదలైన యూడెట్ పథకం ఇలాంటి టెలిస్కోప్‌ను ఆరు మిమోసా పొరలతో కట్టింది. 6 జీఈవీ వరకు ఎలక్ట్రాన్లు అందే డేసీ కిరణాల్లో దాన్ని అమర్చి, ఏ దేశం బృందం వచ్చినా వాడుకోనిచ్చారు. తర్వాత అదే పనిని ఐడా పేరుతో వచ్చిన వరుస పథకాలు కొనసాగించాయి. ఈ రంగంలో పేరుకెక్కిన సెన్సర్లలో చాలావాటి మొదటి కొలతలు ఈ రకం టెలిస్కోప్‌ల మధ్య జరిగినవే. 2024 నుంచి సెర్న్ కేంద్రంగా డీఆర్‌డీ సహకార సంఘాలు నడుస్తున్నాయి. వాయు డిటెక్టర్లకు డీఆర్‌డీ1, అర్ధవాహక డిటెక్టర్లకు డీఆర్‌డీ3.

భారతదేశం

భారత్ 2017 జనవరిలో సెర్న్ అసోసియేట్ సభ్యదేశమైంది. అంతకు ముందు నుంచే ట్రాకర్ల పనిలో మన చేయి ఉంది. బెల్ 2 సిలికాన్ స్ట్రిప్ డిటెక్టర్‌లో నాలుగో పొరను కూర్చే బాధ్యత ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌ది. ఆ ప్రయోగంలో హైదరాబాద్ ఐఐటీ కూడా భాగస్వామి. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ ఐఎల్‌సీ టీపీసీ బృందంలో చేరి, మైక్రోమెగాస్ లోపలి విద్యుత్ క్షేత్రాలను గణించే ప్రోగ్రామ్ అభివృద్ధి చేసింది. దాన్ని ప్రపంచంలో చాలా బృందాలు వాడుతున్నాయి. కొరత వేరే చోట ఉంది. సన్నని సెన్సర్లను పెద్ద వేఫర్ల మీద తీసే ఫౌండ్రీ ఇక్కడ లేదు. కిరణ పరీక్షకు మన విద్యార్థి జర్మనీలోని డేసీకో, సెర్న్‌కో వెళ్లాల్సిందే.

ప్రస్తుత స్థితి

ఐఎల్‌సీని నిర్మిస్తామని జపాన్ ఇంతవరకు ఖరారు చేయలేదు. ఎఫ్‌సీసీపై సెర్న్ కౌన్సిల్ తుది నిర్ణయం 2028 ప్రాంతంలో వస్తుందని అనుకుంటున్నారు. అనుమతి దొరికినా కిరణాలు తిరిగేది 2040లలోనే. ఆ యంత్రాల కోసం పుట్టిన డెప్‌ఫెట్, మ్యాప్స్ సెన్సర్లు ఈలోగానే బెల్ 2లో, ఎలీస్‌లో చేరి డేటా తీశాయి. తర్వాతి పరీక్ష వంచిన సిలికాన్‌ది. ఎల్‌హెచ్‌సీ మూడో దీర్ఘ విరామంలో ఐటీఎస్3ను ఎలీస్‌లో అమరుస్తారు.